హార్డ్ డిస్క్ మొరాయిస్తే ముందు నకలు, తర్వాతే మరమ్మతు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక సాంకేతిక శీర్షికలో ఇటీవల ఒక పాఠకుడి ప్రశ్నకు వచ్చిన సమాధానం గురించి ఈ లేఖ రాస్తున్నాను. తన పాత ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోందని, కొన్ని ఫోల్డర్లు అసలు తెరుచుకోవడం లేదని, డిస్క్ చదవలేకపోతున్నామని అప్పుడప్పుడు సందేశం వస్తోందని ఆ పాఠకుడు వాపోయారు. ముందు చెక్‌డిస్క్ (డిస్క్‌లోని పొరపాట్లను వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం) నడపండి, అది కుదరకపోతే ఫార్మాట్ చేసి, అంటే డిస్క్‌ను ఖాళీ చేసి, విండోస్ మళ్లీ వేసుకోండి అని మీ శీర్షికలో సలహా ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కు ఆ సలహా సరిపోతుంది. ఆయన చెప్పిన లక్షణాలున్న డిస్క్‌కు మాత్రం అది చాలా ప్రమాదకరమైన సలహా. ఆ రెండు పనులూ చేయవలసినవే కావచ్చు, కానీ వాటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, డిస్క్‌లో ఉన్నదానికి నకలు తీసుకోవడం. అది మీ సమాధానంలో ఎక్కడా లేదు. దాన్ని చేయక ఒకసారి పోగొట్టుకున్నవాణ్ని, చేసి మరోసారి దక్కించుకున్నవాణ్ని కనుక కొంచెం వివరంగా రాస్తున్నందుకు మన్నించాలి.

నేను విజయవాడలో పాతికేళ్లుగా డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే పని, చేసుకుంటున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుల ఆత్మకథలు నా వంటి వాళ్ల చిన్న దుకాణాల్లోనే టైపై, రెండు మూడు ప్రూఫులు దిద్దుకుని అచ్చుకు వెళ్తుంటాయి. మా వృత్తిలో పాత కంప్యూటర్లను వదలకుండా పట్టుకుని ఉండటానికి పిసినారితనం ఒక్కటే కారణం కాదు. తెలుగు అచ్చుపని చాలా ఏళ్లపాటు ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో జరిగింది. ఆ పేజ్‌మేకర్‌లో చివరి వెర్షన్ అయిన 7.0 విడుదలైనది 2001లో. అప్పటి ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు అక్షరాలు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. పదిహేనేళ్ల కిందట పుస్తకం వేయించుకున్న రచయిత ఇప్పుడు రెండో ముద్రణ కావాలని వస్తే, ఆయన పుస్తకం తెరుచుకునేది నా బల్ల మీది పాత యంత్రంలోనే. 2012లో కొన్న ల్యాప్‌టాప్ అది. విండోస్ 7 మీద నడుస్తుంది. లోపల 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

పోగొట్టుకున్న సంగతి ముందు చెబుతాను. ఆ ల్యాప్‌టాప్‌కు ముందు నా దగ్గర మరొకటి ఉండేది. అందులో ఒక తెలుగు మాస్టారి పుస్తకం, మూడు వందల పైచిలుకు పేజీలు, రెండో ప్రూఫు కూడా దిద్దేసిన దశలో ఉండగా, ఫైలు సేవ్ చేస్తుంటే యంత్రం బిగుసుకుపోవడం మొదలైంది. దగ్గర్లోని మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే అక్కడి కుర్రవాడు, మంచివాడే, చెక్‌డిస్క్‌ను మరమ్మతు చేసే విధంగా పెట్టి రాత్రంతా నడవనిచ్చాడు. తెల్లవారి చూస్తే ఆ పుస్తకం ఉన్న ఫోల్డర్ కనిపించలేదు. దాని బదులు ‘ఫౌండ్’ అనే పేరు, పక్కన మూడు సున్నాలతో ఒక కొత్త ఫోల్డర్, దాని నిండా ముక్కూమొహం లేని, వరుస సంఖ్యలే పేర్లుగా ఉన్న ఫైళ్లు వందల కొద్దీ కనిపించాయి. వాటిలో ఏది ఏ పుస్తకంలోని ముక్కో చెప్పగలిగే దారి లేదు. “డిస్క్ సరిగానే ఉంది, ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా పనిచేస్తుంది” అని అతను అన్నాడు, నేను సరేనన్నాను. మాస్టారి దగ్గర ప్రూఫు కాగితాలు మిగిలి ఉన్నాయి కాబట్టి నలభై రోజులు కూర్చుని మళ్లీ టైపు చేశాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రాత్రి చెక్‌డిస్క్ చేసింది మోసం కాదని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఫైలు వ్యవస్థలో పొంతన కుదర్చడమే ఆ ప్రోగ్రాం పని. ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుంది, ఏ ముక్కలు దానికి చెందుతాయి అన్న పట్టిక ఒకటి డిస్క్‌లోనే ఉంటుంది. ఆ పట్టికలో కొంత భాగం చదవడానికి వీల్లేని చోట పడితే, చెక్‌డిస్క్ ఆ పద్దులను చెరిపివేసి మిగిలిన లెక్కను సరిచేస్తుంది. ఖాతా పుస్తకంలో రెండు పేజీలు తడిసి అతుక్కుపోతే, వాటిని చించేసి మిగతా పేజీల మొత్తం సరిగ్గా వేసిన గుమాస్తా వంటిది అది. లెక్క కుదురుతుంది, చించిన పేజీల్లో ఎవరి బాకీ ఉందో ఎవరికీ తెలియదు. పైగా డిస్క్ ఉపరితలం మొత్తాన్ని వెతికే విధంగా పెడితే, ప్రాణం కొట్టుకుంటున్న డిస్క్‌ను గంటల తరబడి పరుగెత్తించినట్లే అవుతుంది.

లోపల ఏమి జరుగుతుందో కొంచెం చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో ఉండే రెండున్నర అంగుళాల డిస్క్‌లో పళ్లెం వంటి బిళ్లలు సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి. అంటే బిళ్ల అంచు గంటకు అరవై కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంటుంది. దాన్ని చదివే హెడ్ బిళ్లను తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో గాలి మీద తేలుతుంది. సమాచారం సెక్టార్లు అనే చిన్న గడుల్లో ఉంటుంది. పూర్వం ఒక్కో గడికి 512 బైట్లు ఉండేవి, 2010 తర్వాత వచ్చిన డిస్కుల్లో ఎక్కువగా 4,096 బైట్లు ఉంటున్నాయి. ప్రతి గడితో పాటు అందులోని సమాచారాన్ని సరిచూసుకునే గుర్తులు కూడా రాసి ఉంటాయి. చదివినది ఆ గుర్తులతో పొసగకపోతే డిస్క్ మళ్లీ చదువుతుంది, మళ్లీ మళ్లీ చదువుతుంది. ఫైలు తెరవడానికి నిమిషాలు పట్టడం, మౌస్ బాణం కదలకుండా నిలిచిపోవడం చాలాసార్లు ఇందువల్లనే. యంత్రం ముసలిదై నెమ్మదించిందని మనం సరిపెట్టుకుంటాం, కానీ లోపల అది ఒకే గడిని పదేపదే కూడబలుక్కుని చదువుతూ ఉంటుంది.

ఎంత ప్రయత్నించినా చదవలేకపోయిన గడిని డిస్క్ ‘పెండింగ్’ పద్దులో వేసుకుంటుంది. ప్రతి డిస్క్‌లోనూ తయారీ నాడే కొన్ని అదనపు గడులు కేటాయించి ఉంచుతారు. అయినా చెడిన గడి స్థానంలో అదనపు గడిని డిస్క్ వెంటనే పెట్టదు. పాత గడిలో ఏముందో దానికి తెలియదు కదా, కొత్త గడిలో ఏమి రాస్తుంది? అందుకే అది వేచి చూస్తుంది. ఎప్పటికైనా చదవగలిగితే సరే, లేదా ఆ చోట మనం కొత్తగా ఏదైనా రాస్తే, అప్పుడు ఆ గడి పనికొస్తుందో లేదో పరీక్షించి, పనికిరాకపోతే అదనపు గడికి మారుస్తుంది. ఫార్మాట్ చేస్తే డిస్క్ బాగుపడినట్లు కనిపించడంలో ఉన్న గుట్టు ఇదే. పూర్తి ఫార్మాట్ ప్రతి గడిలోనూ కొత్తగా రాస్తుంది కనుక పెండింగ్ పద్దు ఖాళీ అవుతుంది, దానితో పాటే అక్కడ ఉన్నది శాశ్వతంగా పోతుంది. క్విక్ ఫార్మాట్ అది కూడా చేయదు, పట్టికను మాత్రమే కొత్తగా వేస్తుంది. చెడిన గడులు ఎక్కడివక్కడే ఉండి, వారం తర్వాత కొత్త విండోస్ కూడా మొరాయిస్తుంది.

డిస్క్ నెమ్మదించిన ప్రతిసారీ డిస్క్ చెడిందని అనుకోనక్కరలేదు. విండోస్ 10 వంటి వ్యవస్థను 5,400 చుట్ల డిస్క్ మీద నడిపితే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం నూటికి నూరు శాతం చూపిస్తూ కూర్చోవడం మామూలే. అది జబ్బు కాదు, ఎద్దుబండికి లారీ సరుకు ఎత్తడం. డిస్క్‌ను బోర్డుకు కలిపే కనెక్టర్ దగ్గర సంధి వదులైనా, మా కృష్ణా తీరపు తేమకు చిలుము పట్టినా పొరపాట్లు వస్తాయి. ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకశక్తి) చెడినా ఫైళ్లు పాడవుతాయి, ఆ నింద డిస్క్ మోస్తుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు డిస్క్‌కు దెబ్బ తగలకుండానే ఫైలు పట్టిక మాత్రం చెదిరిపోవచ్చు. వీటిలో ఏది జరిగిందో తేల్చుకోకుండా మందు వేయడం తగదు.

ఇక రెండోసారి సంగతి. గత వేసవిలో ఒక మధ్యాహ్నం పేజ్‌మేకర్‌లో పని చేస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ అంటే ఒక రకంగా డెస్క్‌టాప్ కంప్యూటరే, పైగా యూపీఎస్ లేని డెస్క్‌టాప్. రాస్తూ ఉన్న డిస్క్ ఉన్నఫళంగా ఆగిపోయింది. ఆగిపోయే క్షణంలో బిళ్లలు ఇంకా తిరుగుతున్న ఊపుతోనే కొంత విద్యుత్తు పుట్టించుకుని హెడ్‌ను సురక్షిత స్థానానికి లాక్కునే ఏర్పాటు డిస్క్‌లో ఉంటుంది, కానీ సగం రాసిన గడిని అది పూర్తి చేయలేదు. కరెంటు వచ్చాక యంత్రం తెరిస్తే రెండు ఫోల్డర్లు తెరుచుకోలేదు. ఒక ఫైలును కాపీ చేయబోతే ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అన్న పాత శత్రువు పేరుతో, అంటే చదివినది సరిచూసుకునే గుర్తులతో పొసగలేదని, సందేశం వచ్చింది. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో చూస్తే డిస్క్ పేరు మీద 7వ నంబరు పద్దులు వరుసగా ఉన్నాయి. చెడిన గడి తగిలిందని విండోస్ రాసుకునే పద్దు అది. ఈసారి నేను చెక్‌డిస్క్ జోలికి పోలేదు. యంత్రం మొదలయ్యేటప్పుడు తనంతట తానే చెక్‌డిస్క్ నడపబోతే కూడా మీట నొక్కి ఆపేశాను.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే దినచర్య ఒకటి ఉంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో దాన్ని చదవవచ్చు, విండోస్‌కు బదులుగా వాడుకోదగిన ఉచిత వ్యవస్థ లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనేది ఉంది. అందులో పదుల కొద్దీ వరుసలు ఉన్నా నా వంటి వాడు చూడవలసినవి కొన్నే. 5వ వరుస ఇప్పటికే అదనపు గడులకు మార్చిన వాటి సంఖ్య. 197వ వరుస పెండింగ్‌లో ఉన్నవి. 198వ వరుస డిస్క్ తీరిక వేళ చేసుకున్న పరీక్షలో చదవలేక చేతులెత్తేసినవి. 199వ వరుస పెరుగుతూ ఉంటే తప్పు బిళ్లల్లో కంటే కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో ఉందని అనుమానించాలి, డిస్క్ తీసి మళ్లీ గట్టిగా అమర్చి చూడాలి. నా యంత్రంలో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో 197వ వరుసలో 138 అని చూపించింది. అదే డిస్క్‌ను లినక్స్‌లో చూస్తే 312 అని వచ్చింది. గంటలో రెట్టింపుకు పైగా పెరిగిందని నాకు చెమటలు పట్టాయి. తర్వాత తెలిసిందేమిటంటే మొదటి ప్రోగ్రాం ఆ అంకెలను మామూలుగా పదహారు ఆధారంగా ఉన్న పద్ధతిలో చూపిస్తుంది. ఆ లెక్కలో 138 అంటే మన లెక్కలో 312. సెట్టింగుల్లో దీన్ని పదుల పద్ధతికి మార్చుకోవచ్చు. ఇదే విధంగా కొన్ని కంపెనీల డిస్కుల్లో 1వ వరుసలో కోట్లలో అంకె కనిపించి భయపెడుతుంది, అది ఆ కంపెనీ లెక్క రాసే తీరు మాత్రమే. ఇవి తెలియక మంచి డిస్క్‌ను పారేసినవాళ్లను చూశాను.

స్మార్ట్ పద్దు బాగుంటే నిశ్చింతగా ఉండవచ్చా అంటే, ఉండకూడదు. గూగుల్ సంస్థ పరిశోధకులు తమ వద్ద నడిచిన లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఉపరితల పరీక్షలో మొదటి పొరపాటు కనిపించిన డిస్క్, అటువంటి పొరపాటు లేని డిస్క్‌తో పోలిస్తే, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే పత్రంలో దీనికి రెండో వైపు కూడా ఉంది. చెడిపోయిన డిస్కుల్లో సగానికి మించిన వాటిలో ముఖ్యమైన నాలుగు సూచికల్లో ఏ ఒక్కటీ ముందుగా హెచ్చరించలేదు. హెచ్చరిక వచ్చిందంటే నమ్మాలి, రాలేదంటే దాన్ని హామీ అనుకోకూడదు. నా డిస్క్‌కు హెచ్చరిక వచ్చింది, కనుక నేను అదృష్టవంతుల లెక్కలో పడ్డాను.

అప్పుడు చేసిన పని నకలు తీయడం. ఫైళ్లు ఒక్కొక్కటిగా కాపీ చేయడం వేరు, డిస్క్ మొత్తాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఉన్నదున్నట్లు మరో డిస్క్‌లోకి దింపడం వేరు. దీనికి డీడీరెస్క్యూ అనే ఉచిత లినక్స్ ప్రోగ్రాం ఉంది. సిస్టమ్‌రెస్క్యూ వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ల్యాప్‌టాప్‌ను దానితో తెరిస్తే, డిస్క్‌లో ఉన్న విండోస్ లేవనే లేవదు, కనుక అది డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయదు. డీడీరెస్క్యూ గొప్పతనం దాని ఓపికలో కంటే దాని తెలివిలో ఉంది. చెడిన చోట తగలగానే అక్కడ పట్టుబట్టకుండా దాటిపోయి, ముందు తేలికగా చదవగలిగినదంతా దింపుకుంటుంది. ఎక్కడెక్కడ దాటవేసిందో ఒక చిట్టాలో రాసుకుంటుంది. డిస్క్ ప్రాణం ఉండగానే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు బయటపడ్డాక, వెనక్కి వచ్చి ఆ మిగిలిన చోట్ల గీకి గీకి చదువుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా ఉన్నంతవరకు ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ చిట్టాను మాత్రం చెడిన డిస్క్‌లో కాకుండా వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌లోకి అన్నది తారుమారు చేసి రాస్తే, ఖాళీ డిస్క్ అసలు డిస్క్ మీద పడి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నేను రెండు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, తెర మీద చూసిన దానితో మూడుసార్లు సరిపోల్చుకున్నాకే ఎంటర్ నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న 500 జీబీ డిస్క్ అయితే గంటన్నర, రెండు గంటల్లో అయిపోయే పని నాకు రెండు రాత్రులు పట్టింది. డిస్క్ వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. చివరికి చదవలేక మిగిలిపోయినది నలభై కేబీ మాత్రమే. ఆ నలభై కేబీ ఏ ఫైళ్లలో పడిందో కూడా తెలుసుకునే ఉపాయం డీడీరెస్క్యూలోనే ఉంది. చదవలేని చోట్ల నకలులో మనకు నచ్చిన ఒక మాటను నింపమని చెప్పి, తర్వాత ఆ మాట ఏయే ఫైళ్లలో ఉందో వెతికితే సరి. నాకు రెండు దొరికాయి. ఒకటి విండోస్‌కు సంబంధించినది. రెండోది 2015 నాటి శుభలేఖ. ఆ దంపతుల పిల్లలు ఈపాటికి బడికి వెళ్తుంటారు, శుభలేఖ మళ్లీ అడుగుతారని నేను అనుకోను.

లినక్స్ తెలియని వారికి ఇది బరువుగా అనిపించవచ్చు. వారికి తేలిక మార్గం లేకపోలేదు. డిస్క్ చప్పుడు చేయకుండా, నెమ్మదిగానైనా చదువుతూ ఉంటే, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, మళ్లీ సంపాదించలేని వాటిని ముందుగా, చిన్న చిన్న ఫోల్డర్లుగా కాపీ చేసుకోవాలి. సినిమాలు, ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రాంలు చివరికి వదిలేయాలి. మొత్తం డ్రైవ్‌ను ఒకేసారి ఎంచుకుని లాగితే మొదటి చెడ్డ ఫైలు దగ్గరే విండోస్ చతికిలబడుతుంది. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని దాటి ముందుకు పోవాలి, అక్కడే కూర్చుని పంతం పట్టకూడదు.

డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని లయగా చప్పుడు వస్తున్నా, గీరుకుంటున్న శబ్దం వస్తున్నా పైన చెప్పినవేవీ వర్తించవు. అది గడి చెడటం కాదు, హెడ్ చెడటం. అప్పుడు ఏ ప్రోగ్రాం నడిపినా హెడ్ బిళ్లను గీకి, దక్కవలసినది కూడా దక్కకుండా చేయవచ్చు. వెంటనే ఆపేసి, అందులోని సమాచారం విలువైనదైతే డేటా రికవరీ ప్రయోగశాల ఉన్నవారికి ఇవ్వడమే దారి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని, అరచేత్తో తడితే హెడ్ కదులుతుందని చెప్పేవాళ్లు మా బజారులోనే ఉన్నారు. ఫ్రిజ్‌లోంచి బయటకు తీసిన మంచినీళ్ల సీసా మీద పట్టే చెమటే డిస్క్ లోపలి బిళ్ల మీద కూడా పడుతుంది. డిస్క్ మూత విప్పి చూపిస్తామనేవాళ్లనైతే అసలు దగ్గరికి రానివ్వకూడదు. హెడ్ తేలే ఎత్తుతో పోలిస్తే మన గదిలో ఎగిరే ధూళి రేణువు కొండంత.

నకలు చేతికి వచ్చాక మీ శీర్షికలో చెప్పిన పనులన్నీ నిరభ్యంతరంగా చేయవచ్చు. చెక్‌డిస్క్‌ను నేను కూడా నడిపాను, నకలు మీద. అది రెండు ఫోల్డర్ల పద్దులు సరిచేసింది, ఏదీ పోలేదు. పోయి ఉంటే మరో నకలు తీసుకోవడానికి అసలు డిస్క్ పక్కనే ఉంది. ఆ తర్వాత కుతూహలం కొద్దీ పాత డిస్క్ మొత్తం మీద సున్నాలు రాయించాను. పెండింగ్ సంఖ్య సున్నాకు దిగింది, అదనపు గడులకు మార్చినవి కొన్ని పెరిగాయి. చెడినవాటిలో ఎక్కువ భాగం కరెంటు పోయినప్పుడు సగం రాసి వదిలేసిన గడులేనని, బిళ్లకు తగిలిన గాయాలు తక్కువేనని దాన్ని బట్టి నేను అనుకుంటున్నాను. అంటే నేను సకాలంలో వెయ్యి రెండు వేలు పెట్టి బ్యాటరీ మార్చుకుని ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరమే వచ్చేది కాదేమో. అయినా ఆ డిస్క్‌లో మళ్లీ ఎవరి పుస్తకమూ ఉంచే ధైర్యం నాకు లేదు.

దాని స్థానంలో అదే రెండున్నర అంగుళాల సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పద్ధతి) ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే బిళ్లలకు బదులు చిప్‌లలో సమాచారం దాచే డిస్క్, వేసి, నకలును అందులోకి దింపాను. పాత ల్యాప్‌టాప్‌లకు ఎస్‌ఎస్‌డీ సరిపోదేమోనన్న సందేహం చాలామందికి ఉంది. సాటా కనెక్టర్ ఉన్న ఏ యంత్రంలోనైనా అది అమరుతుంది. ఏడు మిల్లీమీటర్ల మందం కావడం వల్ల తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పాత అరలో కొంచెం వదులుగా ఉంటుంది, స్క్రూలు బిగిస్తే చాలు. విండోస్ 7కు భద్రతా సవరణలు ఆగిపోయి చాలా కాలమైంది కనుక ఆ యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వను. ఎస్‌ఎస్‌డీ రాగానే కష్టాలు తీరిపోయాయని అనుకునేవాళ్లకు ఒక మాట. తిరిగే భాగాలు లేవు కనుక అది టిక్కుమని ముందుగా చెప్పదు, చాలాసార్లు ఒక ఉదయం ఉన్నట్టుండి కనిపించకుండా పోతుంది. విండోస్ 7లోనూ ఆ తర్వాతి వాటిలోనూ చెరిపేసిన ఫైళ్ల చోటును అది వెంటనే శుభ్రం చేసుకుంటుంది కనుక, పొరపాటున తొలగించిన దాన్ని హార్డ్ డిస్క్‌లో మాదిరిగా వెతికి తీయడం కూడా సాధ్యం కాకపోవచ్చు. ఇప్పుడు నా దగ్గర ప్రతి పుస్తకానికీ మూడు కాపీలున్నాయి. ఒకటి యంత్రంలో, ఒకటి బీరువాలోని డిస్క్‌లో, ఒకటి గుంటూరులో ఉన్న మా అమ్మాయి ఇంట్లో. పేజ్‌మేకర్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా ఉంచుతున్నాను. పాతవాటిని వీలు చిక్కినప్పుడల్లా యూనికోడ్‌లోకి, అంటే ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మారుస్తున్నాను. ఒత్తులు ఎగిరిపోతుంటాయి, అందుకని మళ్లీ ప్రూఫు చూడవలసి వస్తోంది. ఆ పని నా జీవితకాలంలో పూర్తవుతుందో లేదో.

మరమ్మతు దుకాణాల వారి మీద నాకు కోపం లేదు. రోజుకు పది యంత్రాలు వచ్చే చోట, మూడు నాలుగు వందల రూపాయల కూలికి రెండు రాత్రులు ఒకే డిస్క్ దగ్గర కూర్చోవడం ఎవరి వల్లా కాదు. చాలా రసీదుల కింద ‘డేటాకు మేము బాధ్యులం కాము’ అని అచ్చు వేసి ఉంటుంది. నేనే కొందరికి అలాంటి రసీదు పుస్తకాలు డిజైన్ చేసి ఇచ్చాను కూడా. ఆ వాక్యం పక్కనే ‘డేటా కావాలి’, ‘డేటా అక్కరలేదు’ అని రెండు గడులు పెట్టి, ఖాతాదారు చేత ఒకదానిలో టిక్కు పెట్టించుకుంటే ఇద్దరికీ మేలు. ఈ మధ్య అచ్చు వేసిన రెండు దుకాణాల రసీదుల్లో ఆ గడులు నేనే అడిగి పెట్టించాను.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. ఆ సమాధానానికి సవరణగా, డిస్క్ చదవడంలో పొరపాట్లు వస్తున్నప్పుడు ముందు నకలు తీసుకోవాలని, చెక్‌డిస్క్ గాని ఫార్మాట్ గాని ఆ తర్వాతే చేయాలని మీ శీర్షికలో నాలుగు పంక్తులు ప్రచురించండి. ప్రశ్న అడిగిన పాఠకుడి ఫోన్ నంబరు మీ కార్యాలయంలో ఉండే ఉంటుంది. సవరణ అచ్చయ్యేదాకా ఆగకుండా, వీలైతే ఈ రోజే ఆయనకు ఫోన్ చేసి, ఇంకా ఫార్మాట్ చేసి ఉండకపోతే ఆ ల్యాప్‌టాప్‌ను ఆపి పక్కన పెట్టమని చెప్పించండి.

ఇట్లు,
ఒక డీటీపీ నిర్వాహకుడు,
విజయవాడ